ప్రశ్నా, జీరో అవరా, ప్రైవేటు బిల్లా, ఎంపీ నిధులా: ఏది మేలు?

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో మన ఎంపీల ఫేస్‌బుక్ పేజీల్లో, కార్యకర్తల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి ఎక్కువగా జీరో అవర్ వీడియోలే. రెండు నిమిషాల ప్రసంగం, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘గళమెత్తిన మన ఎంపీ’ అన్న మాట. అదే సభ్యుడు అదే వారంలో వేసిన రాతపూర్వక ప్రశ్నకు మంత్రిత్వ శాఖ పట్టికలతో సహా ఇచ్చిన సమాధానం మాత్రం ఏ గ్రూపులోనూ కనిపించదు. మైనారిటీల హక్కులు, బాలల సంక్షేమం, నియోజకవర్గానికి కావలసిన రోడ్లు, రైళ్లు, భవనాలు అనే మూడు రకాల పనులకు ఎంపీ చేతిలో ఉన్న సాధనాల్లో ఏది ఎంతవరకు అక్కరకొస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వీడియోలకు మనం ఇస్తున్న విలువ తలకిందులుగా ఉందని నాకనిపిస్తుంది.

జీరో అవర్ అనే పేరు సభా నియమావళిలో ఎక్కడా లేదు. అత్యవసర విషయాలు సభలో లేవనెత్తడానికి వాడుకలో స్థిరపడిన పద్ధతి అది. నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి, మైకు ఆగేలోపు విషయం చెప్పేయాలి. వరద వచ్చిన మర్నాడో, వసతి గృహంలో పిల్లలు అస్వస్థులైన రోజో సభ దృష్టికి తేవడానికి దీన్ని మించింది లేదు. అయితే మంత్రి అక్కడికక్కడ బదులు చెప్పాలన్న నియమం లేదు. లోక్‌సభలో 377వ నిబంధన కింద లేవనెత్తే అంశం ఇంతకంటే నయం: 250 పదాలకు మించని పాఠాన్ని ముందే ఇస్తారు కనుక విషయం చిక్కగా ఉంటుంది, తరవాత మంత్రి నుంచి సభ్యుడికి ఉత్తరం వస్తుంది. రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన దాదాపు ఇలాంటిదే. ఈ రెండింటికీ జీరో అవర్‌కున్న గ్లామర్ లేదు, అంతే.

ఇక ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. స్టార్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. కానీ ప్రశ్నోత్తరాల గంటలో సాధారణంగా ఐదారింటికి మించి వంతు రాదు. అన్‌స్టార్డ్ ప్రశ్నకు రాసి ఇస్తారు, చర్చ ఉండదు. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, 150 పదాలు దాటకూడదు, రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని సంగతి అయితే అసలు అనుమతించరు. మున్సిపల్ రోడ్డు గుంతల గురించి ఢిల్లీలో ప్రశ్న వేయలేకపోవడానికి ఈ చివరి షరతే కారణం. ఇన్ని పరిమితులున్నా, నన్నడిగితే, ఎంపీ చేతిలోని అన్ని సాధనాల్లోకీ ఈ నక్షత్రం లేని ప్రశ్నకే మొదటి స్థానం ఇస్తాను.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. గుర్తింపు పొందిన ఆరు మైనారిటీ వర్గాలకు చెందిన పరిశోధక విద్యార్థులకు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఉండేది. 2022 డిసెంబరు 8న కేరళ సభ్యుడు టి.ఎన్. ప్రతాపన్ లోక్‌సభలో వేసిన ప్రశ్నకు అప్పటి మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ ఇచ్చిన రాతపూర్వక జవాబుతో, ఆ పథకాన్ని 2022–23 నుంచి నిలిపివేసినట్టు దేశానికి తెలిసింది. ఉన్నత విద్యకు ప్రభుత్వం నడిపే ఇతర ఫెలోషిప్‌లు ఈ విద్యార్థులకూ వర్తిస్తున్నాయన్నది ఆ జవాబులో చూపిన కారణం. ప్రశ్న వేసినందువల్ల ఫెలోషిప్ తిరిగి రాలేదు. ఆ మాట దాచనక్కర్లేదు. కానీ అంతవరకూ వదంతిగానో అనుమానంగానో ఉన్న విషయం మంత్రి సంతకమున్న కాగితంగా మారింది. విద్యార్థి సంఘాలు వీధికెక్కినా, పత్రికలు సంపాదకీయాలు రాసినా ఆ కాగితాన్ని చూపించే చేశాయి. జీరో అవర్‌లో ఎంత గొంతు చించుకున్నా ఈ కాగితం పుట్టదు.

జవాబుల్లో తప్పించుకునే దారులు లేవని కాదు. ‘అలాంటి ప్రతిపాదన ఏదీ ప్రభుత్వ పరిశీలనలో లేదు’, ‘పై జవాబు దృష్ట్యా ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’, ‘సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం’ అనే మూడు వాక్యాలు ఈ జవాబులు చదివే అలవాటున్న ఎవరికైనా కంఠతా వచ్చేస్తాయి. అందుకే ప్రశ్నను ఎలా రాశారన్నది ముఖ్యం. ‘బాలల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’ అని అడిగితే పథకాల పేర్ల చిట్టా వస్తుంది, అంతకంటే రాదు. ‘ఫలానా జిల్లాలో మంజూరైన అంగన్‌వాడీ కేంద్రాలెన్ని, వాటిలో సొంత భవనం లేనివెన్ని, మరుగుదొడ్డి లేనివెన్ని, గత మూడేళ్లలో విడుదలైన సొమ్మెంత, ఖర్చయిందెంత’ అని ముక్కలుగా అడిగితే తప్పించుకోవడానికి చోటు తగ్గుతుంది. పైగా ‘సేకరిస్తున్నాం’, ‘పరిశీలిస్తాం’ అన్న మాటలు హామీల కిందికి వస్తాయి. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి. లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆ శాఖను పిలిచి అడుగుతుంది. లోక్‌సభలో ఈ కమిటీ 1953 నుంచీ ఉంది. మంత్రి అలవోకగా అన్న ముక్కను ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకునే ఏర్పాటు జీరో అవర్‌కు లేదు.

ప్రైవేటు మెంబర్ బిల్లుల సంగతి చిత్రమైనది. మంత్రి కాని సభ్యులెవరైనా బిల్లు పెట్టవచ్చు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు వీటికీ తీర్మానాలకూ కేటాయిస్తారు. ఇంతవరకు చట్టాలైనవి 14, చివరిది 1970లో. ఆ లెక్క చూపి ఇది వృథా ప్రయాస అనేవారున్నారు. కానీ ఆ 14 చట్టాల జాబితా ఒకసారి చదవాలి. మొట్టమొదటిది సయ్యద్ మొహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో ప్రవేశపెట్టిన ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. అదే 1954 వక్ఫ్ చట్టమై, 1995లో కొత్త చట్టం వచ్చేదాకా నడిచింది. రాజమాత కమలేందుమతి షా పెట్టిన బిల్లు 1956లో స్త్రీల, బాలల సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. కైలాస్ బిహారీ లాల్ బిల్లు 1960లో అనాథాశ్రమాల పర్యవేక్షణ చట్టమైంది. అంటే ఆ తొలి రోజుల్లో మైనారిటీలు, దిక్కులేని పిల్లలు అనే రెండు విషయాల్లోనూ ప్రభుత్వం కంటే ముందు మామూలు సభ్యులే చొరవ తీసుకున్నారు.

ఇప్పుడు ఆ దారి మూసుకుపోయిందా అంటే పూర్తిగా కాదు. సంఖ్యలో చిన్నదైన మరో వర్గం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ పెట్టిన బిల్లును రాజ్యసభ 2015 ఏప్రిల్ 24న ఆమోదించింది. లోక్‌సభలో అది గట్టెక్కలేదు గాని, ప్రభుత్వం 2016లో తన సొంత బిల్లు తేవలసి వచ్చింది, 2019లో చట్టం చేసింది. శివ ప్రతిపాదించిన ప్రత్యేక కోర్టుల వంటివి అందులో లేవు. ప్రైవేటు బిల్లు తాను చట్టం కాకపోయినా ప్రభుత్వాన్ని కదిలించగలదు. అయితే కదిలిన ప్రభుత్వం ఎటు నడుస్తుందన్నది ఆ సభ్యుడి చేతిలో ఉండదు.

ఓటరుకు కంటికి కనిపించేవి మాత్రం ఎంపీ నిధులే. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరు 23న మొదలైన ఈ పథకం కింద ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. ఈ 5 కోట్లు ఎంతో ఒకసారి పంచి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒక లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి. తలా 71 లక్షలు. ఒక అంగన్‌వాడీ భవనానికి కేంద్రం వేసే లెక్క 12 లక్షలు కనుక, మొత్తం సొమ్మూ ఇంకే పనికీ వాడకుండా వాటికే పెట్టినా ఏడాదికి నలభై ఒక్క భవనాలు. పైగా ఇందులో 15 శాతం షెడ్యూల్డ్ కులాలు, 7.5 శాతం షెడ్యూల్డ్ తెగలు నివసించే ప్రాంతాలకు వెళ్లాలి. ప్రార్థనా స్థలాల్లో పనులకు, భూసేకరణకు ఈ నిధులు వాడకూడదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020లో ఏకంగా పథకాన్నే ఆపేశారు. నాలుగు గోడలకు హామీ ఇచ్చిన ఎంపీలు ఊళ్లలో మొహం చాటేయవలసి వచ్చింది.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఎంపీ నిధులతో అంగన్‌వాడీ కట్టించవచ్చు గాని, అందులో పాఠం చెప్పే టీచరుకు జీతమివ్వడానికి వీల్లేదు. ఏటేటా వచ్చే ఖర్చులకు ఈ పథకం ఒప్పుకోదు. కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరులో నెలకు 4,500 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం కలిపి ఇచ్చేదంతా లెక్కేసినా చాలక, 2023 డిసెంబరులో మొదలుపెట్టి టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. ఆ 4,500 అంకె కదలాలంటే శంకుస్థాపనలతో పని జరగదు. ఇక్కడ శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘం కావాలి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉండే ఈ సంఘాలు కెమెరాలు లేని గదిలో శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి బడ్జెట్ గురించి పద్దు పద్దుగా అడుగుతాయి. వాటి సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదు గాని, ఏం చేసిందో జవాబు చెప్పాలి. వీడియో రాదు కాబట్టి ఈ పని చేసే ఎంపీలకు పేరు కూడా రాదు.

ఇవన్నీ ఒకే నియోజకవర్గంలో ఎలా కలుస్తాయో చూడాలంటే తమిళనాడులోని కృష్ణగిరి మంచి చోటు. అక్కడ గెలిచిన కె. గోపీనాథ్ 2024 జూన్‌లో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మురిసిపోయాం. మైనారిటీ అనగానే మనకు మతమే గుర్తొస్తుంది గాని, హోసూరు చుట్టుపక్కల తెలుగువాళ్లు భాషాపరంగా మైనారిటీలు. వాళ్ల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. 350బి కింద నియమితుడైన ప్రత్యేకాధికారి నివేదికలను పార్లమెంటు ముందు పెట్టాలి. తమిళనాడు బడుల్లో ఏ పరీక్ష ఏ భాషలో రాయాలన్నది రాష్ట్రం చూసుకునే సంగతి, దాని మీద ఢిల్లీలో నేరుగా అడిగితే ప్రశ్న కొట్టేయవచ్చు. ఆ అధికారి నివేదిక చివరగా ఏ ఏడాదిది సభకు వచ్చింది, తమిళనాడులోని తెలుగు బడుల గురించి అందులో ఏం రాశారు, కేంద్రం ఏం చేసింది అని మైనారిటీ వ్యవహారాల శాఖను అడిగితే మాత్రం కొట్టేయడానికి కారణం ఉండదు.

అదే కృష్ణగిరి జిల్లా కేంద్రానికి రైలు లేదు. 1905లో తిరుపత్తూరు నుంచి వేసిన చిన్న లైను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మూతపడింది. జోలార్‌పేట నుంచి కృష్ణగిరి మీదుగా హోసూరుకు లైను వేయాలన్నది అక్కడివాళ్ల పాత కోరిక. ఏడాదికి 5 కోట్ల ఎంపీ నిధులు ఇక్కడ ఎందుకూ చాలవు, ప్రైవేటు బిల్లుతో పనే లేదు. సర్వే ఎప్పుడు పూర్తయింది, నివేదిక బోర్డు దగ్గర ఏ దశలో ఉంది, బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని ప్రతి సమావేశంలో ఒక రాతపూర్వక ప్రశ్న, నడుమ ఒకసారి 377, రైల్వే పద్దుల చర్చలో ఒక మాట. చూడటానికి విసుగు పుట్టించే పనే. రైల్వే శాఖ గత జవాబుకూ ఈసారి జవాబుకూ తేడా ఎక్కడ వచ్చిందో ఇలా వరసగా అడిగినవాడికే తెలుస్తుంది.

కాబట్టి నా లెక్కలో, హక్కుల విషయానికి ముందు అన్‌స్టార్డ్ ప్రశ్న, అది తేల్చిన లోటును పూడ్చడానికి ప్రైవేటు బిల్లు. బాలల విషయంలో స్థాయీ సంఘం, దానికి కావలసిన అంకెల కోసం మళ్లీ ప్రశ్నే. ఊళ్లో గోడకూ పైకప్పుకూ ఎంపీ నిధులు, అంతకు మించిన సౌకర్యానికి వరస ప్రశ్నలు. జీరో అవర్ అత్యవసరానికి ఉంచుకోవాలి. మన ఎంపీ వీటిలో ఏది వాడుతున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు: లోక్‌సభ వెబ్‌సైటులో ప్రశ్నల పేజీకి వెళ్లి సభ్యుడి పేరు కొడితే, ఏ తేదీన ఏ శాఖను ఏమడిగారో జవాబుతో సహా వరసగా వస్తుంది. ఆయన కేంద్ర మంత్రి అయితే మాత్రం ఖాళీగా ఉంటుంది, మంత్రులు ప్రశ్నలు వేయరు.