చీటీ రాసి పంపడమా, కలిసి వైద్యం చేయడమా?

కోనసీమలో అర్ధరాత్రి గుండెపోటు వస్తే ముందున్నవి రెండు దారులు.

మొదటిది పాతదే. రాజోలు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఆస్పిరిన్ మింగించి, చీటీ రాసి కాకినాడ పంపిస్తారు. వైనతేయ, గౌతమి పాయలు దాటి వెళ్లాక మళ్లీ ఈసీజీ, మళ్లీ అవే ప్రశ్నలు. ఆ మనిషి బతికాడో లేదో చీటీ రాసిన డాక్టరుకు కబురే ఉండదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

రెండోది ఆసుపత్రులు జట్టుగా పనిచేయడం. రాష్ట్రంలో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే తీవ్ర గుండెపోటు) కార్యక్రమం ఈ తీరుదే. ఈసీజీ పెద్దాసుపత్రి గుండె వైద్యుడికి ఫోనులో చేరుతుంది. ఆయన సరేనంటే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ చిన్న ఆసుపత్రిలోనే ఇస్తారు, ఆ తర్వాతే అంబులెన్సు. 2 గంటల్లో యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని బెలూనుతో తెరవడం) అందే వీలు లేనప్పుడు, రోగి వచ్చిన 30 నిమిషాల్లోపు ఈ ఇంజెక్షన్ పడాలి. గతంలో మెదడులో రక్తస్రావమైన వారికి మాత్రం ఇవ్వకూడదు. అందుకే ఆ ఫోను మాట అంత ముఖ్యం.

అయితే రాత్రి ఫోను ఎత్తేవారు లేకపోతే అంతా వృథా. డ్యూటీ పట్టిక రెండు ఆసుపత్రులవాళ్లూ కలిసి వేసుకోవాలి. నెలకోసారి కేసులు ముందు పెట్టుకుని ఎక్కడ ఆలస్యమైందో చూసుకోవాలి.

మోకాలి నొప్పికి చీటీ చాలు. గుండెకైతే నేను జట్టు పద్ధతినే కోరతాను.