లూకాస్ 700 స్పాట్‌లైట్: పదిహేనేళ్లు వాడాక

మా అంబాసిడర్ 1961 మోడల్, నాన్నగారి కారు. 2009లో దాని ముందు బంపరు మీద, లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన పాత స్పాట్‌లైట్ ఒకటి బిగించాను. దాన్ని ఎస్‌ఎల్‌ఆర్ 700 అంటారు. గాజు దాదాపు ఏడంగుళాలు, బల్బు 48 వాట్లు. పదిహేనేళ్లు దాటినా ఇంకా అదే గాజు, లోపల అదే వెండి పూత. ఈ మధ్యలో మరో రెండు రకాలు కొని వాడి చూశాను. ఒకటి కొత్తగా తయారైన నకలు జత, రెండోది షికాగోలోని యూనిటీ కంపెనీ చేసిన అమెరికన్ స్పాట్‌లైట్. పాత కార్లున్నవాళ్లు "ఈ లైటుకి ఎంత పెట్టొచ్చండీ?" అని నన్ను అడుగుతుంటారు. ముందు విప్పి లోపల చూపించమంటాను. విప్పనివ్వని లైటుకి నేను ధర చెప్పను.

ఈ సంగతి నాకు నేర్పింది సాలూరు షెడ్డులో ఒక మేస్త్రి. సాలూరు లారీల ఊరని మన విజయనగరం వైపు అందరికీ తెలుసు. అక్కడి షెడ్లలో అరలు వెతికితే ఎప్పటెప్పటి సామానో దొరుకుతుంది. ఆ రోజు అటక మీద రెండు లైట్లు కనిపించాయి. ఒకటి అద్దంలా మెరుస్తోంది, నికిలు పూత కొత్తగా వేయించారు. రెండోది రిమ్ము సొట్టపోయి, పైనంతా నల్లగా, లోపల సాలీడు గూడుతో ఉంది. నేను మెరిసేదాన్ని పట్టుకున్నాను. ఆయన నవ్వి, "నోపల సూడండి బాబూ, బయటేటున్నాది?" అని స్క్రూడ్రైవర్ తెచ్చి రెండింటి కింది స్క్రూలూ విప్పాడు.

బల్బు వెనక ఉండి వెలుగుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్‌ని మన మెకానిక్కులు డూమ్ అంటారు. ఆ కాలపు లూకాస్ లైట్లలో అది వెండి పూత వేసిన ఇత్తడి గిన్నె. మెరిసే లైటులో ఎవరో డూముకి కూడా క్రోమ్ పూత వేయించేశారు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ కాస్త నీలంగా కొడుతోంది. మాసిన లైటు డూముని మెత్తటి గుడ్డతో ఒక్కసారి అద్దితే తెల్లటి వెలుగు బయటపడింది. అందులో నా మొహం తలకిందులుగా, వెంట్రుకలతో సహా స్పష్టంగా కనిపించింది. వెండి తన మీద పడ్డ వెలుతురులో తొంభై శాతానికి పైగా తిరిగి పంపిస్తుంది, క్రోమ్ దాదాపు మూడింట రెండొంతులే. అంటే ఒకే బల్బు పెట్టినా, క్రోమ్ డూములో వెండి డూము ఇచ్చినంత వెలుగు రాదు. మాసినదే పద్దెనిమిది వందలకి తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చాక ఆత్రంకొద్దీ ఇత్తడి తోమే బ్రాసో పాలిష్ సీసా తీశాను. అమ్మ చూసింది. "ఒరేయ్, వెండి అంటున్నావు, చెంబు తోమినట్టు తోమీకు" అంది. ఆ మాటే లైటుని కాపాడింది. ఆ పూత చాలా పల్చన. బ్రాసోతో నాలుగుసార్లు రుద్దితే కింద ఇత్తడి పచ్చగా తేలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, దూదితో అద్దాలి, రుద్దకూడదు. తర్వాత నీడలో ఆరనివ్వాలి. అమ్మ పూజ సామాను పెట్టెలో వెండి నల్లబడకుండా సుద్దముక్క పెడుతుంది. నేను విడిగా దాచే డూములకి అదే పని చేస్తున్నాను, నూలుగుడ్డలో చుట్టి పక్కన సుద్దముక్క. న్యూస్‌పేపర్లో మాత్రం చుట్టకండి. అలాగే గాజుకీ రిమ్ముకీ మధ్య ప్యాకింగుగా రబ్బరు వేయకండి. రబ్బరులో గంధకం ఉంటుంది, మూసిన డబ్బాలో అది వెండిని నల్లగా మార్చేస్తుంది. కార్కు షీటు కత్తిరించి వేసుకుంటే సరిపోతుంది.

రిమ్ము సొట్ట తీయించడానికి బుడితి వెళ్లాను. శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఊరది. అక్కడ ఒక పెద్దాయన రిమ్ముకి అయస్కాంతం పెట్టి చూశాడు, అంటుకోలేదు. గోటితో తట్టి మోత విని, "ఇత్తడేనండి" అన్నాడు. వేడి చేస్తే పైపూత పొంగి ఊడిపోతుందని చెప్పి, లోపలి వంపుకి సరిపడేలా ఒక చింతమొద్దు చెక్కాడు. దాని మీద రిమ్ము పెట్టి చెక్క సుత్తితో చిన్నగా, గుండ్రంగా తిప్పుతూ గంటన్నర కొట్టాడు. ఇప్పుడు ఆ సొట్ట ఎక్కడుండేదో నాకే వెతికితేగాని కనిపించదు. అయస్కాంతం పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు, ఎందుకంటే అచ్చులో పోసిన జింకుకీ అది అంటుకోదు. జింకు రిమ్ముల మీద సన్నటి పొక్కులు లేస్తాయి. సముద్రపు గాలి తగిలే మన వైపు అవి త్వరగా వస్తాయి, పైన మళ్లీ నికిలు వేయించినా లోపల్నుంచి తొలుస్తూనే ఉంటాయి. పొక్కులున్న జింకు రిమ్ముకి నేను రూపాయి కూడా పెట్టను.

ఇక వెలుగు సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రాత్రి మా వీధిలో వేపచెట్టు కూలి దారికి అడ్డంగా పడింది. మూడు లాంతర్ల జంక్షన్‌కి పేరుపడ్డ విజయనగరం మాది, ఆ రాత్రి ఊళ్లో ఎక్కడా దీపం లేదు. కారుని ఎదురుగా నిలబెట్టి స్పాట్‌లైట్ వేశాను. ఆకుల మధ్య తెగిన కరెంటు తీగ ఎక్కడుందో కూడా విడిగా కనిపించింది. వీధిలో కుర్రాళ్లు ఆ వెలుగులో రెండు గంటలు కొమ్మలు నరికారు. అయితే ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. పాత డైనమో మెల్లగా తిరిగితే చార్జింగ్ ఇవ్వదు. లైటు నాలుగు ఆంపియర్లు లాగుతూంటే బ్యాటరీ దిగిపోతోంది. మా తమ్ముడు సీట్లో కూర్చుని ఆ రెండు గంటలూ యాక్సిలరేటర్ మీద కాలు ఆనించే ఉంచాడు. ఈ లైటు వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆగి ఉన్నప్పుడు ఊరికే వేసి ఉంచే లైటు కాదిది.

వంద వాట్ల హాలోజన్ పెట్టేయమని చాలామంది సలహా ఇచ్చారు. వద్దు. ఆ వేడికి వెండి పాడవుతుంది, అరవై ఏళ్లనాటి వైరు ఎనిమిది ఆంపియర్లకి తట్టుకోదు. ఎల్‌ఈడీ పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. ఫిలమెంట్ బల్బుకి ఎటు కలిపినా ఒకటే, తిరగేసి కలిపితే చాలా ఎల్‌ఈడీలు వెలగవు.

పొగమంచులో మాత్రం ఈ లైటు పనికిరాదు. సాలూరు నుంచి కొరాపుట్ ఎక్కే ఘాట్‌లో ఒక తెల్లవారుజామున వేసి చూశాను. ఎదురుగా తెల్లగోడ లేచినట్టయింది, వెలుగంతా తిరిగి నా కళ్లలోకే కొట్టింది. వెంటనే ఆపేసి, డిమ్ములో దిగాను. పొగమంచుకి ఇదే వరసలో ఎస్‌ఎఫ్‌టీ 700 అని వేరే లైటుంది. బయటి డబ్బా ఒకేలా ఉంటుంది, గాజు మాత్రం తేడా. స్పాట్‌లైట్ గాజు నున్నగా ఉంటుంది, ఫాగ్ లైటు గాజు మీద నిలువు గీతలుంటాయి. గాజులు మార్చి జత అని అమ్మేవాళ్లున్నారు కాబట్టి కొనేటప్పుడు రెండు గాజులూ పక్కపక్కన పెట్టి చూడండి.

రోడ్డు మీద తిప్పేటప్పుడు నేను దీనికి కాన్వాసు తొడుగు వేస్తాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందువైపు స్పాట్‌లైట్ ఉండాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి కావాలి. ఎదురొచ్చేవాడి కళ్లలో ఇది పడితే ఏమవుతుందో ఒకసారి ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది.

నకలు జత గురించి ఎక్కువ రాయను. మూడువేల ఐదొందలకి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కొన్నాను, ఫోటోలో ఒరిజినల్ అన్నారు. రెండు వానాకాలాలకి డూములో పూత పొరలుగా లేచింది, రిమ్ము ఇనుము కాబట్టి కింది అంచు తుప్పుపట్టింది. నట్టుకి మామూలు మిల్లీమీటరు పానా సరిగ్గా పట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పాత లూకాస్ లైట్ల నట్లు పాత ఇంగ్లీషు కొలతలవి, మన పానాలు వాటి మీద వదులుగానో బిగువుగానో ఉంటాయి. పాత కారుకి ముచ్చటగా ఏదో ఒకటి ఉంటే చాలు అనుకుంటే ఆ జత పర్వాలేదు. విలువ అని కొంటే తప్పు.

యూనిటీ లైటు పద్ధతి వేరు, నాకు చాలా ఇష్టమైన పనితనం. అది బంపరు మీద ఉండదు. ముందు అద్దం పక్క స్తంభానికి రంధ్రం చేసి, గొట్టం లోపలికి తీసుకొస్తారు. డ్రైవరు లోపల పిడి తిప్పితే బయట తల ఏ వైపు కావాలంటే ఆ వైపు తిరుగుతుంది. లోపలి ఇరుసు, చిన్న పళ్లచక్రాలు గ్రీజు వేస్తే డెబ్భై ఏళ్ల తర్వాత కూడా వెన్నలా తిరుగుతున్నాయి. కానీ నేను తొమ్మిది వేలు పెట్టి, దాన్ని స్తంభానికి పట్టి ఉంచే క్లాంపు లేకుండా కొన్నాను. స్తంభం వాలు ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది, క్లాంపు ఆ కారుకోసమే చేసినదై ఉండాలి. పైగా వాళ్లది ఎడమచేతి డ్రైవింగు, మనది కుడి. అందుకే అది ఇప్పటిదాకా నా బల్ల మీదే ఉంది. క్లాంపు ఉన్న యూనిటీకి రెట్టింపు అడిగినా ఆలోచించొచ్చు. వోల్టు కూడా చూసుకోండి. షెవర్లే 1955లో, ఫోర్డ్ 1956లో పన్నెండు వోల్టులకి మారాయి, అంతకుముందువి ఆరు వోల్టులు. యూనిటీలో గాజూ బల్బూ కలిపి ఒకే ముద్ద. ఆరు వోల్టులది పన్నెండుకి కలిపితే ఒక్క క్షణంలో మొత్తం ముఖమే పోతుంది.

కాబట్టి ఇప్పుడు నన్నడిగితే, ధరలో సగం డూముకే. తర్వాత అంచు పెచ్చులూడని అసలు గాజు, ఆ తర్వాత క్లాంపు. రిమ్ము సొట్ట, మాసిన నికిలు చివర్న వస్తాయి, అవి బాగుచేయించుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండ్లని వింటేజ్, అంటే పాతకాలపు బండ్లుగా కొత్తగా రిజిస్టర్ చేయిస్తే వీఏ సీరీస్ నంబరు ఇస్తారు, ఆ కొత్త రిజిస్ట్రేషన్‌కి అప్పుడు పెట్టిన ఫీజు ఇరవై వేలు. బండి అసలు రూపంలో ఉండాలన్నది నియమం. అప్పట్నుంచి ఆ కాలపు సామాను అడిగేవాళ్లు పెరిగారు, మెరిసే సరుకు కూడా పెరిగింది.

మొన్న దసరాకి ముందు లైటు విప్పి చూశాను. డూములో ఎడమ అంచున జొన్నగింజంత నల్లమచ్చ వచ్చింది. కార్కు ఆ చోట ఎండి చీలింది. కార్కు మార్చాను. మచ్చని ముట్టుకోలేదు.