ఈఆర్‌సీపీకి తొందరపడలేదు, ఆపరేషన్‌కు మాత్రం తాత్సారం చేశారు: కర్నూలు గ్యాస్ట్రో ఆసుపత్రిపై సమీక్ష

పిత్తాశయ రాళ్ల వల్ల వచ్చిన పాంక్రియాటైటిస్‌తో (క్లోమం వాపుతో) మా మేనమామను ఆదోని నుంచి తీసుకువచ్చి కర్నూలులోని ఒక ప్రైవేటు గ్యాస్ట్రో ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో లైపేజ్ అనే క్లోమం ఎంజైమ్ సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటింది, స్కానింగ్‌లో రాళ్లు కనిపించాయి. రోగ నిర్ధారణకు ఆలస్యం కాలేదు.

రాయి పసరు నాళంలో అడ్డుపడి ఉంటే ఆ రాత్రే ఎండోస్కోపీతో (దీన్నే ఈఆర్‌సీపీ అంటారు) తీసివేయమని మేమంతా పట్టుబట్టాం. డ్యూటీలో ఉన్న వైద్యుడు విసుక్కోకుండా కేస్ షీటు వెనుక కాలేయం, పసరు నాళం, క్లోమం బొమ్మ గీసి, రెండు నాళాలూ కలిసే చోట పెన్నుతో చుక్క పెట్టి, అక్కడ చిక్కుకున్న చిన్న రాయి చాలామందిలో దానంతట అదే పేగులోకి జారిపోతుందనీ, ఈఆర్‌సీపీ వల్లనే కొందరికి పాంక్రియాటైటిస్ వస్తుందనీ వివరించారు. చలిజ్వరం, కామెర్లు కనిపించి నాళంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలితే మాత్రం 24 గంటల్లోపే చేయాలన్నారు. ఇది ఆయన సొంత అభిప్రాయమేమీ కాదు. నాళంలో ఇన్ఫెక్షన్ లేకుండా, జబ్బు తీవ్రమవుతుందని అంచనా వేసిన రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగి 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలో, అత్యవసర ఈఆర్‌సీపీ వల్ల మరణాలు, పెద్ద చిక్కులు తగ్గినట్టు తేలలేదు. ఖరీదైన ప్రొసీజర్ చేయించుకుంటామని బంధువులే అడుగుతున్నా వద్దని చెప్పిన ఆసుపత్రిని నమ్మవచ్చునని నాకు అనిపించింది.

రోజూ ఉదయం రక్తంలో బిలిరుబిన్ (కామెర్లను తెలిపే పరీక్ష) చూశారు. అది తగ్గుతూ వచ్చింది. ఎంఆర్‌సీపీకి (పసరు నాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్‌కు) బయటి స్కానింగ్ సెంటరుకు అంబులెన్సులో పంపడం ఇబ్బందే అయినా, నాళంలో రాయి లేదని తేలడంతో ఈఆర్‌సీపీ అవసరమే రాలేదు. నర్సింగ్ బాగుంది, క్యాంటీన్ ఫరవాలేదు.

అసలు లోపం ఆ తర్వాత బయటపడింది. జబ్బు స్వల్పంగానే ఉండి నొప్పి తగ్గాక, పిత్తాశయాన్ని అదే అడ్మిషన్‌లో తీసివేయకుండా, నెల తర్వాత రమ్మని డిశ్చార్జి రాశారు. ఇలాంటి రోగులపై 2015లో వెలువడిన మరో డచ్ అధ్యయనంలో, అదే అడ్మిషన్‌లో ఆపరేషన్ అయినవారిలో 5 శాతం మందికి రాళ్ల వల్ల మళ్లీ చిక్కులో, మరణమో ఎదురైతే, ఇంటికి పంపి 25 నుంచి 30 రోజుల తర్వాత చేసినవారిలో అది 17 శాతం. మేము గట్టిగా అడిగితే, లాప్రోస్కోపిక్ సర్జన్ పిలిస్తే వచ్చేవారే తప్ప ఆసుపత్రిలో ఉండరని అప్పుడు చెప్పారు. ఆ మాట చేర్చుకునే రోజే చెప్పవలసింది. చివరకు వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఇక్కడ చేరదలచినవారు రాత్రిపూట అత్యవసరమైతే ఈఆర్‌సీపీ చేయగలరా, పిత్తాశయం ఆపరేషన్ అదే అడ్మిషన్‌లో అవుతుందా అని క్యాజువాలిటీలోనే అడగడం మంచిది.