ఫోన్ పోతే ‘స్టీల్’ అనాలా, ‘రాబ్’ అనాలా?

మొన్న బస్సులో మా తమ్ముడి ఫోన్ ఎవడో కొట్టేశాడు. సీటు దొరక్క రాడ్ పట్టుకుని వేలాడుతూ వచ్చాడు, దిగి చూసుకుంటే జేబు ఖాళీ. ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌లో ఆఫీసుకు మెయిల్ పెట్టాడు, ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అని. ఫోనే లేనివాడికి ఎలా ఫోన్ చేస్తారు, అందుకని వాళ్ల మేనేజర్ నాకు చేసి, ‘దెబ్బలేమైనా తగిలాయా?’ అని కంగారుగా అడిగారు.

ఆయన కంగారులో తప్పు లేదు. స్టీల్ అంటే ఎవరికీ తెలియకుండా కాజేయడం కూడా కావచ్చు, రాబ్ అంటే మాత్రం ఎదురుపడి బెదిరించో కొట్టో లాక్కున్నారని వినేవాళ్లకు తోస్తుంది. రెండోది వ్యాకరణం గొడవ. స్టీల్ పక్కన పోయిన వస్తువు రావాలి, రాబ్ పక్కన పోగొట్టుకున్న మనిషో, ఇల్లో, బ్యాంకో రావాలి. ఫోన్‌ని స్టీల్ చేస్తారు, మనిషిని రాబ్ చేస్తారు. ‘బ్యాంకును స్టీల్ చేశారు’ అంటే బిల్డింగు ఎత్తుకుపోయారన్నట్టే.

మనకీ తికమక ఎందుకంటే, నాకు తోచింది చెప్తాను, మన ‘దోచుకోవడం’ రెండు వైపులా నడుస్తుంది. ఇల్లు దోచుకున్నారు అంటాం, నగలు దోచుకున్నారు అనీ అంటాం, ఏదీ తప్పు కాదు. ఆ అలవాటునే ఇంగ్లీషులోకి మోసుకెళ్తాం.

మెయిల్‌లో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు కానీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కాగితంలో ఈ తేడా చిన్నది కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, దోపిడీ 309. మొదటిదానికి మామూలుగా మూడేళ్ల వరకు జైలు, రెండోదానికి పదేళ్ల వరకు, అదే పొద్దుగూకిన తర్వాత తెల్లారేలోపు హైవే మీద జరిగితే 14 ఏళ్ల దాకా వేయొచ్చు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి దోస్తే అది బందిపోటు దొంగతనం, 310. బైక్ మీద వచ్చి మెడలో గొలుసు లాక్కుపోయేవాళ్ల కోసం స్నాచింగ్ అని 304 విడిగా పెట్టారు, పాత ఐపీసీలో అలాంటి సెక్షన్ లేదు. జేబులోంచి తెలియకుండా పోయిన ఫోన్‌కి ‘రాబ్డ్’ అని రాస్తే ఎవరు బెదిరించారు, ఎంతమంది అని అడుగుతారు, మనం నీళ్లు నమలాలి. అసలు ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఇంగ్లీషుతో కుస్తీ ఎందుకు?

ఇక బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు రోజూ వినపడేది ‘నిక్’. ఫ్రిజ్‌లో పాలు మాయమైతే రూమ్మేట్ ‘ఎవరో నిక్ చేశారు’ అంటాడు. అదే మాటకు పోలీసులు పట్టుకోవడం అని కూడా అర్థం ఉంది, కాబట్టి దొంగ నిక్ చేస్తాడు, తర్వాత వాడే నిక్ అవుతాడు. ‘పించ్’ కూడా అదే బాపతు. వాళ్లు గిల్లేస్తారు, మనం నొక్కేస్తాం! వాళ్ల ‘లిఫ్ట్’ అయితే అచ్చంగా మన ‘లేపేయడమే’. మన హాస్టళ్లలో వినపడే ‘ఫ్లిక్ చేశాడు’ మాత్రం ఇక్కడే చెల్లుతుంది, బయటి దేశాల్లో అంటే మొహం చూస్తారు. ఇవన్నీ స్నేహితుల మధ్య బాగుంటాయి, కాగితం మీద వద్దు.

నన్నడిగితే, అనుమానంగా ఉన్నప్పుడు స్టీల్‌కే ఓటు. కత్తి చూపించి లాక్కున్నా ‘స్టోల్ మై ఫోన్’ అనడం తప్పు కాదు, కొంచెం తగ్గించి చెప్పినట్టు అవుతుందంతే. జేబు కొట్టేస్తే రాబ్ అంటే మాత్రం లేని కత్తిని చూపించినట్టే. ‘స్టీల్డ్’ అనకండి చాలు; స్టీల్, స్టోల్, స్టోలెన్.

చివరికి మావాడు సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనడానికి వెళ్లాడు. షాపతను ధర చెప్పి, ‘ఇట్స్ ఎ స్టీల్, సర్’ అన్నాడట. కారుచౌక అని అతని ఉద్దేశం. మావాడు ముందు బిల్లు చూపించమన్నాడు.