వచ్చే మెయిల్ వస్తోంది, పోయేదే పోవట్లేదు: థండర్‌బర్డ్‌తో ఇన్నేళ్లు

నాది విజయవాడలో డీటీపీ పని. పుస్తకాల లేఅవుట్లు, శుభలేఖలు, కరపత్రాలు. పని సగం మెయిల్ మీదే నడుస్తుంది. 2011 నుంచి థండర్‌బర్డే వాడుతున్నాను, కంప్యూటర్‌లో మెయిళ్లు చూసుకునే ప్రోగ్రామ్ అది. బ్రౌజర్‌లో జీమెయిల్ ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. నా జీమెయిలూ, షాపు పేరు మీదున్న మెయిలూ ఒకే కిటికీలో కనిపిస్తాయి. నెట్ పోయినా పాత ఉత్తరాలు దొరుకుతాయి. పైగా పైసా ఖర్చు లేదు. 2023లో 115వ వెర్షన్‌తో రూపం మార్చేశారు, నాలుగు రోజులు చిరాకు పడ్డాను, తర్వాత అలవాటైపోయింది.

అయితే దీంతో కాపురం చేయాలంటే ఒక సంగతి తెలియాలి. మెయిల్ రావడం వేరు, పోవడం వేరు. పోస్ట్‌మ్యాన్ రోజూ ఇంటికొచ్చి ఉత్తరం ఇస్తాడు. అలాగని మనం రాసింది ఆయన చేతికే ఇవ్వం కదా, వెళ్లి డబ్బాలో వేయాలి. ఇక్కడా అంతే. తెచ్చేది ఐమ్యాప్ సర్వర్, పంపేది ఎస్‌ఎంటీపీ సర్వర్.

ఇది నాకు తెలిసింది షాపుకి కొత్త ఇంటర్‌నెట్ కనెక్షన్ తీసుకున్న వారంలో. మెయిళ్లు టకటకా వస్తున్నాయి, ఒక్కటీ పోవట్లేదు. పంపడం ఎంతదాకా వచ్చిందో చూపే నీలం గీత సగం దాకా వెళ్లి ఆగిపోతుంది, కాసేపటికి సర్వర్ దొరకలేదంటుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని నాలుగుసార్లు మార్చాను. తీరా చూస్తే నా సెట్టింగ్‌లో పోర్ట్ 25 ఉంది. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. స్పామ్ బెడద వల్ల చాలా ఇంటర్‌నెట్ కంపెనీలు మనలాంటి వాళ్లకి దాన్ని మూసేస్తాయి. మనం వాడాల్సింది 587, దానికి స్టార్ట్‌టీఎల్‌ఎస్. లేదంటే 465, దానికి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. ఈ రెండూ దారిలో మెయిల్‌ని ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతులు. ఈ జోడీలు తారుమారైతే మళ్లీ అదే గీత, అదే ఎదురుచూపు. ఇప్పుడైతే ముందు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పంపి చూస్తాను. అలా పోయిందంటే తేడా లైన్‌లోనే, పాస్‌వర్డ్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతుక్కోవడం ఇంకో పని. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ పక్కన, అకౌంట్లన్నీ అయిపోయాక, చిట్టచివర ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ అని విడిగా ఉంటుంది. నాకు ఈ అమరిక ఇప్పటికీ నచ్చదు. ఏ అకౌంట్‌కి ఏ సర్వర్ అన్నది మనమే సరిచూసుకోవాలి. ఒకసారి నేను షాపు అకౌంట్‌కి జీమెయిల్ సర్వర్ తగిలించేశాను. మెయిళ్లు పోయాయి, బాగానే పోయాయి, కాకపోతే అందినవాళ్లకి పంపినవారి దగ్గర నా సొంత జీమెయిల్ అడ్రస్ కనబడింది.

పాస్‌వర్డ్ మార్చినప్పుడూ ఇదే కథ. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి సేవ్డ్ పాస్‌వర్డ్స్ తెరిస్తే, ఒకే అకౌంట్‌కి రెండు వరుసలుంటాయి. ఒకటి ఐమ్యాప్‌తో మొదలవుతుంది, రెండోది ఎస్‌ఎంటీపీతో. ఒకటే మార్చి రెండోది వదిలేస్తే పంపేటప్పుడు 535 అని ఎర్రర్ వస్తుంది, అంటే సర్వర్ లాగిన్‌ని ఒప్పుకోలేదని. రెండూ తీసేసి థండర్‌బర్డ్ మళ్లీ తెరిస్తే కొత్త పాస్‌వర్డ్ అదే అడుగుతుంది.

జీమెయిల్‌కైతే ఇప్పుడు మామూలు పాస్‌వర్డ్ పనికిరాదు. 2022 మే 30 తర్వాత గూగుల్ సొంత అకౌంట్లకి ఆ దారి మూసేయడం మొదలుపెట్టింది. అథెంటికేషన్ మెథడ్‌లో ఓఆత్2 (పాస్‌వర్డ్ థండర్‌బర్డ్‌కి ఇవ్వకుండా గూగుల్ దగ్గరే లాగిన్ అయ్యే పద్ధతి) ఎంచుకోవాలి, రాక దగ్గరా పోక దగ్గరా రెండు చోట్లా. అప్పుడు గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. నాకది తెరుచుకుంది, పాస్‌వర్డ్ కొట్టాను, మొదటికొచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ మొదటికే. తప్పు నాదే. ఎప్పుడో జాగ్రత్త కోసమని థండర్‌బర్డ్‌లో కుకీలు, అంటే వెబ్‌సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచుకునే చిన్న గుర్తులు, ఆపేసి మర్చిపోయాను. కుకీలు లేకపోతే ఆ లాగిన్ ముందుకు కదలదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మాత్రం ఒక చిన్న గుండ్రటి సెల్. వానాకాలం, పొద్దున్నే కరెంటు వచ్చాక సిస్టమ్ ఆన్ చేశాను. ఏ అకౌంటూ లాగిన్ కావట్లేదు. సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే, గడువున్న గుర్తింపు పత్రం) సరిగా లేదంటోంది. యాంటీవైరస్ తీసేశాను, మోడెమ్ ఆపి పెట్టాను. చివరికి కింద మూలన గడియారం చూస్తే తేదీ 2012 జనవరి 1. మదర్‌బోర్డు మీద, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీమాస్ సెల్ అయిపోయింది, కరెంటు పోగానే తేదీ వెనక్కి వెళ్లింది. ఆ తేదీకి ఇప్పటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు మరి! సెల్ మార్చి తేదీ సరిచేయగానే అన్నీ గలగలా వచ్చిపడ్డాయి.

ఇంకొకటి. కొన్నిసార్లు మెయిల్ పోయాక, దాని నకలు సెంట్ ఫోల్డర్‌లో పెట్టే దగ్గర ఆగిపోతుంది. పోలేదనుకుని నేను మళ్లీ మళ్లీ నొక్కాను. మర్నాడు ఓ పెద్దాయన, కవులు, ఫోన్ చేశారు. “ఏమయ్యా, ఒకే కవర్‌పేజీ మూడుసార్లు పంపావు, ఇందులో ఏది ఖాయం?” అని. జీమెయిల్ సర్వర్ ద్వారా పోయిన ప్రతిదాని నకలూ అదే దాచుకుంటుంది. అందుకని ఆ అకౌంట్‌కి, కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో నకలు పెట్టమనే టిక్కు తీసేశాను. షాపు అకౌంట్‌కి మాత్రం ఉంచాలి, లేకపోతే ఏం పంపామో ఆనవాలు ఉండదు.

ఇక సైజు గొడవ. షాపు మెయిల్ సర్వర్‌లో 20 ఎంబీ హద్దు. 16 ఎంబీ పీడీఎఫ్ ఎందుకు తిప్పికొడుతోందో చాలాకాలం అర్థం కాలేదు. మెయిల్‌లో తగిలించిన ఫైలు అక్షరాలుగా మారి ప్రయాణిస్తుంది, ఆ మార్పులో మూడో వంతు పైగా ఉబ్బుతుంది. పదహారు కాస్తా ఇరవై రెండుకు దగ్గరవుతుంది. ఇప్పుడు 14 దాటిందంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపిస్తున్నాను.