వల కట్టించుకోవాలంటే ముందు చెరువు లోతు కొలవండి

పక్క ఊళ్ల నుంచి చేపలు పట్టేవాళ్లు మా చెరువు కట్ట మీద నా వల చూసి ఎక్కడ కట్టించావని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు వివరంగా రాస్తున్నా. వరంగల్‌లో ఒక పెద్దాయన దగ్గర కట్టించాను. ఆయనకు సొంత దుకాణం లేదు, బోర్డు లేదు. వల సామాను అమ్మే దుకాణం పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో అడ్డంగా కట్టిన రెండు వెదురు బొంగులు, ఒక నీళ్ల డ్రమ్ము, అంతే. పేరు, నంబరు రాయొద్దని ఆయనే చెప్పాడు, వయసు మీద పడింది, వచ్చిన పనే అయితలేదన్నాడు, అందుకే రాయడం లేదు. వరంగల్‌లో వలల సామాను అమ్మేవాళ్లను అడిగితే చూపిస్తారు.

ముందు నాకు జరిగిన నష్టం చెప్తా. అది తెలిస్తేనే ఈయన పని విలువ తెలుస్తుంది. మా ఊరు నర్సంపేట దాటినాక. చెరువు మరీ పెద్దది కాదు కానీ నిండి మత్తడి దుంకిన ఏడు వేసవి దాకా నీళ్లు ఉంటాయి. 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకం వచ్చాక మా మత్స్యకారుల సొసైటీ వాళ్లం ఆ పిల్లలే పోస్తున్నాం, చలికాలం అయిపోతుండగా పట్టడం మొదలు పెడతాం. పోయినేడు సీజన్‌కు ముందు ఫోన్‌లో చూసి ఒక రెడీమేడ్ వల తెప్పించాను. 100 మీటర్లు, తాళ్లు, పైన తేలే బెండ్లు, అడుగున బరువుకు గుండ్లు అన్నీ కట్టే వస్తాయి, తెచ్చి నీళ్లలో వేయడమే అని రాశారు, ధర కూడా తక్కువే. రాత్రి వేసి తెల్లారి తీస్తే నాలుగు జెల్లలు, ఒక రవ్వు. మూడు రాత్రులూ అంతే. పక్కనే మా బాపు కాలపు పాత వలలో బొచ్చెలు పడుతున్నాయి. నా వల బెండ్లు కూడా ఊగుతున్నాయి, అంటే చేప వచ్చి తగులుతోంది, కానీ చిక్కడం లేదు. పైగా అడుగున మూడో వంతు వల బురదలో ముద్దగా పడింది, లాగబోతే మోడుకు పట్టుకొని రెండు బారల మేర చినిగింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే తడిసిన వల వాపసు తీసుకోం అన్నారు.

ఆ వల మూట బండి మీద కట్టుకొని పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన బాగు చేస్తాననలేదు, చేయననలేదు. వల కొంత పరిచి చేతులతో కొలిచి అడిగిన మొదటి మాట ఇది.

"చెరువు లోతెంత బిడ్డా?"

"పది పన్నెండు ఫీట్లు ఉంటది పెద్దయ్యా."

"ఉంటది అంటే కాదు. కొలిచినవా?"

కొలవలేదు. తాడుకు రాయి కట్టి, తూము దగ్గర ఒకసారి, నడిమిట్ల ఒకసారి, మత్తడి దిక్కు ఒకసారి కొలుచుకొని రా, మోడులు ఎక్కడున్నయో కూడా చూసి రా అని తిప్పి పంపాడు. నలభై కిలోమీటర్లు పోయి వచ్చిన మనిషిని అట్లా పంపితే ఎవరికైనా కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ మరుసటి రోజు పొద్దున్నే థర్మాకోల్ తెప్ప మీద పోయి కొలిచాను. తూము దగ్గర 14 ఫీట్లు, నడుమ 11, మత్తడి వైపు 7. చిన్నప్పటి నుంచి ఈ చెరువులో ఈదుతున్నా ఈ తేడా ఇంత ఉంటుందని నేను అనుకోలేదు.

రెండోసారి పోయినప్పుడు అసలు సంగతి చెప్పాడు. వల కన్ను ఒకటి రెండు చేతుల వేళ్లతో పట్టుకొని, పొడుగ్గా లాగితే సన్నని గీతలా మూసుకుంటుంది, అడ్డంగా వదిలితే పతంగిలా తెరుచుకుంటుంది అని చూపించాడు. వలను తాడుకు ఎంత వదులుగా కట్టారన్న దాని మీద కన్ను ఎంత తెరుచుకుంటుందో ఆధారపడి ఉంటుంది. ఆయన పద్ధతిలో సాగదీస్తే 100 మీటర్లుండే వలను 50 మీటర్ల తాడుకు కడతారు, అంటే సగానికి సగం. అప్పుడు వల నీళ్లలో వదులుగా వేలాడుతుంది, చేప తల దూర్చాక వెనక్కి పోలేదు, చెంపల దగ్గర పట్టుకుంటుంది, కొట్టుకునే కొద్దీ చుట్టుకుంటుంది. నేను కొన్న వల కట్టింది 100కు 70 లెక్కన. డప్పు మీద తోలు లాగినట్టు బిగుతుగా ఉంది, చేప వచ్చి తగిలి వెనక్కి మళ్లుతోంది. ఎందుకట్లా కట్టారంటే, 100 మీటర్ల తాడుకు సగం లెక్కన అయితే 200 మీటర్ల వల పడుతుంది, 70 లెక్కన అయితే 143 మీటర్లతో సరిపోతుంది. మనకు తాడు పొడుగు చూపించి దాదాపు 57 మీటర్ల వల మిగుల్చుకున్నారు. ధర తక్కువ ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

లోతు ఎందుకు కొలవమన్నాడో కూడా అక్కడే తెలిసింది. మేం వాడేది నాలుగంగుళాల కన్ను, అంటే సాగదీస్తే సుమారు 10 సెంటీమీటర్లు. 50 కండ్ల లోతు వల సాగదీస్తే 5 మీటర్లు, కానీ సగానికి కట్టినప్పుడు కన్ను పక్కలకు తెరుచుకుంటుంది కాబట్టి నిలువు తగ్గి 4.3 మీటర్లు అవుతుంది, అంటే 14 ఫీట్లు. సరిగ్గా మా తూము దగ్గరి లోతు. నడుమ 11 ఫీట్ల చోటికి 40 కండ్లు చాలు. నా రెడీమేడ్ వల 70 కండ్లది, ఏ చెరువుకో ఎవరికో అని ఒకే కొలతతో చేసి అమ్మేది, అందుకే అడుగున బురదలో దొర్లింది. పెద్దాయన దాన్ని విప్పి, చినిగిన ముక్క తీసేసి, మిగతాది కోసి తూముకు ఒకటి, నడుమకు రెండు, మొత్తం మూడు ముక్కలుగా కట్టాడు. మత్తడి వైపు వల వేయొద్దన్నాడు, అక్కడ తక్కువ నీళ్లు, మోడులు, తూటి పొదలు, ఆడ గాలాలే మంచివన్నాడు. గాలాల సంగతి తర్వాత చెప్తా.

కన్ను సైజు గురించి కూడా ఒక మాట. మూడంగుళాల కన్ను అయితే చేపలు ఎక్కువ పడతాయి కదా అని అడిగాను, పడతాయి, అరకిలోవి పడతాయి, ఇంకో మూడు నాలుగు నెలలు ఆగితే కిలో అయ్యేదాన్ని ఇప్పుడే ఎందుకు తీస్తవు, నీ సొసైటీల అందరి పైసలు కదా అన్నాడు. నాకు మా సొసైటీలో ఎవరూ ఇంత నేరుగా ఈ మాట చెప్పలేదు. టంగుసు వల, అంటే ఒంటి పోగు ప్లాస్టిక్ దారంతో అల్లింది, మాత్రం ఆయన అసలు కట్టడు. అది నీళ్లలో కనిపించదు, చేపలు బాగా పడతాయి, చవక కూడా, కానీ చినిగితే అతకడం కష్టం, తెగిన ముక్క చెరువులో ఉండిపోతే కుళ్లిపోదు, చేపలను, పిట్టలను, పాములను పట్టి చంపుతూనే ఉంటుంది. నేను మా చెరువులో అట్లాంటి ముక్కలో ఒక తాబేలును చూశాను, అందుకే ఈ విషయంలో ఆయన పట్టుదల నాకు నచ్చింది.

పై తాడుకు నీళ్లలో తేలే రకం ప్లాస్టిక్ తాడు, అడుగు తాడుకు సీసం గుండ్లు. ఎన్ని బెండ్లకు ఎన్ని గుండ్లో నోటి లెక్కతో తేల్చడు. ఒక మీటరు కట్టి డ్రమ్ములో వేసి చూస్తాడు, అడుగు తాడు నిలబడాలి, బెండు మునగొద్దు, ఎక్కువైతే ఒక గుండు తీస్తాడు. ఈ పని నేను అరగంట నిలబడి చూశాను.

ఇక కొర్రమట్ట (కొర్రమీను) గాలాలు. మా చిన్నాన్న కొడుకు అమెరికాలో సియాటిల్‌లో ఉంటాడు, అక్కడ ఫిషర్‌మెన్స్ టెర్మినల్ అని చేపల పడవలు ఆగే చోటు ఉంది, అక్కడి నుంచి సాల్మన్ చేపలు పట్టే ట్రోలింగ్ పడవల (పడవ నడుపుతూ గాలాలు లాగేవి) వీడియోలు పంపాడు. అవి పెద్దాయనకు చూపించాను. పడవకు రెండు పక్కలా పొడుగాటి బొంగుల్లాంటి స్తంభాలు వాల్చి ఉంటాయి, వాటి నుంచి స్టీలు తీగలు నీళ్లలోకి దిగుతాయి, ఒక్కో తీగ చివర 20 కిలోల పైబడిన సీసం గుండు. తీగ పొడుగునా కొంత కొంత ఎడంతో పక్క దారాలు, ఒక్కో దారానికి నీళ్లలో తిరుగుతూ మెరిసే రేకు, దాని వెనుక స్క్విడ్ అనే సముద్రపు జీవి లాంటి ప్లాస్టిక్ ఎర లేదా చెంచా ఆకారపు ఎర, గాలం. పడవ మనిషి నడిచేంత వేగంతోనే పోతుంది. చేప పడితే తీగను యంత్రంతో చుట్టి, ఒక్కో చేపను విడిగా తీసి, వెంటనే రక్తం కార్చి ఐసులో పెడతారు. వలలో గుంపుగా పడి నలిగిన చేప కంటే ఇట్లా ఒక్కోటిగా పట్టిన సాల్మన్‌కు ధర ఎక్కువ. సాల్మన్ సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే ఎదురెక్కి వస్తుంది అని చెప్తే, మన మత్తడి దుంకినప్పుడు చేపలు ఎదురెక్కినట్టేనా అని అడిగి ఆయన ముఖం వెలిగిపోయింది.

వీడియో మూడుసార్లు చూశాడు. పడవ గురించి, సముద్రం గురించి ఏమీ అడగలేదు. "దారానికి దారానికి నడుమ ఎంత ఇడుస్తరు? మెలి పడకుంట ఏం పెట్టిన్రు?" ఇవే రెండు ప్రశ్నలు. పక్క దారం పొడుగుకు రెండింతల కంటే దారాల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, లేకుంటే రెండు చేపలు పడితే ఒకదానికొకటి చుట్టుకుంటాయి అని ఆయనే చెప్పాడు. మెలి పడకుండా వాళ్లు స్వివెల్ అనే చిన్న తిరుగుడు కొక్కెం వాడతారు. కొర్రమట్ట కూడా గాలానికి పడితే గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది, అందుకే మన దగ్గర దారాలు తెగుతాయి. పక్క దుకాణంలో ఇత్తడి స్వివెల్స్ ఉన్నాయి, ఇన్నాళ్లు ఆయన వాడలేదు, నా గాలాల తాడుకు మొదటిసారి కట్టాడు. ఆ వయసులో వేరే దేశం పద్ధతి చూసి తన పని మార్చుకున్నాడంటే నాకు చాలా గౌరవం కలిగింది.

ఇంకో సంగతి మాత్రం ఏ వీడియోలోనూ లేదు, ఆయనకే తెలిసింది. కొర్రమట్ట నీళ్లలోనే ఉన్నా పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి, లేకుంటే చచ్చిపోతుంది. పక్క దారం పొట్టిగా ఉంటే గాలానికి పడ్డ చేప పైకి రాలేక రాత్రికి రాత్రే చస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అది, బతికుంటేనే దానికి ధర. మా దగ్గర బతికిన కొర్రమట్టను కిలో 400కు తక్కువ ఇవ్వం, చచ్చిందంటే సగానికి అడుగుతారు. అందుకే నా చెరువు మత్తడి దిక్కు 7 ఫీట్ల లోతు లెక్క చూసుకొని, తాడును నీళ్ల పైభాగానికి దగ్గరగా బెండ్లతో నిలబెట్టి, చేప పైకి చేరేంత పొడుగు దారాలు కట్టాడు. మొత్తం 30 గాలాలు. మొదటి రాత్రి 5 కొర్రమట్టలు, ఐదూ బతికే ఉన్నాయి. తొట్టిలో వేసుకొని నర్సంపేట పోతే గంటలో అయిపోయాయి.

వలల సంగతి కూడా చెప్పాలి కదా. ఈ సీజన్ మొత్తం మూడు ముక్కలూ వాడాను, కిలోకు అటు ఇటుగా ఉన్న రవ్వులు, బొచ్చెలు బాగానే పడ్డాయి, బంగారుతీగలు కొన్ని. పిల్ల చేపలు దాదాపు పడలేదు. ఒక్కసారి మోడుకు తగిలి జానెడు చినిగింది, నేనే అల్లుకున్నాను, అల్లడం కూడా ఆయనే నేర్పాడు.

లోపాలు కూడా ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఇస్తానని పదకొండు రోజులు చేశాడు, నేను మధ్యలో ఒకసారి ఊరికే పోయి వచ్చాను. ఫోన్ చేస్తే ఎత్తడు. బిల్లు ఉండదు, సొసైటీ లెక్కలో చూపించాలంటే ఇబ్బంది, నేను నోట్‌బుక్కులో రాయించి సంతకం తీసుకున్నాను. క్యాష్ మాత్రమే. కూలి కూడా తక్కువేం కాదు. మూడు వల ముక్కలకు, గాలాల తాడుకు కలిపి 2,600 తీసుకున్నాడు, సామాను ఖర్చు వేరే. బేరం ఆడితే వల మడిచి చేతికిస్తాడు, నా ముందే ఒకాయనకు ఇచ్చాడు. ఆలస్యం ఒక్కటే నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ వారం రోజులు నీళ్లు తగ్గుతున్నప్పుడు చేపలు బాగా పడే రోజులు. మీరు పోవాలనుకుంటే సంక్రాంతి కంటే ముందే పోండి.

వల ఎట్లా చూసుకోవాలో ఆయన చెప్పింది రాస్తా. నైలాన్ వలను ఎండలో ఆరేస్తే నూలు బలహీనపడుతుంది, చెట్టు నీడలో ఆరేయాలి. ముడిచి మూలకు పడేస్తే ఎలుకలు కొరుకుతాయి, పైన వేలాడదీయాలి. ప్రతి వాడకం తర్వాత మంచినీళ్లతో కడిగి నాచు తీసేయాలి, నాచు పట్టిన వలను చేప దూరం నుంచే చూసి తప్పుకుంటుంది.

పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటాడు, ఆదివారం ఉండడు. పాత వల ఉంటే అది కూడా పట్టుకపోండి, పనికొచ్చే ముక్కలు ఉంటే కొత్తది కొననివ్వడు. చెరువు లోతు మూడు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకొని పోండి, లేదంటే నన్ను పంపినట్టే మిమ్మల్ని కూడా వాపసు పంపుతాడు.