వాసన లేని బంతిపూలు: హనుమకొండలో మా మేనకోడలి పూల వేడుక

పెళ్లికూతురిని చేసే ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు, వేదిక చుట్టూ వేలాడుతున్న బంతిపూల దండను మా అమ్మ చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎనభై ఏళ్ల మనిషికి చూపు మందగించింది గాని, వాసన పసిగట్టడంలో ఇంట్లో ఆమెను మించినవారు లేరు. "గిది పువ్వు గాదురా, గుడ్డ" అని ఆమె అన్నప్పుడు మేమెవరం నమ్మలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే నిజంగానే గుడ్డపూలు. పైవరుసలో, ఫోటోలో పడేచోట మాత్రం నాలుగు అసలు దండలు కట్టి, మిగిలిన పందిరంతా గోదాము నుంచి తెచ్చిన పాత సరుకుతో నింపారు. కొన్ని పూల మడతల్లో ఇదివరకటి పెళ్లి తాలూకు కుంకుమ కూడా ఉంది.

మాది కరీంనగర్, పెళ్లికొడుకు వాళ్లది హనుమకొండ. పెళ్లి అక్కడే జరుగుతుంది కాబట్టి పసుపు, నలుగు, పెళ్లికూతురిని చేయడం కూడా ఆ దగ్గరలోనే ఒకచోట జరిపించాలని అక్క, బావ నిర్ణయించారు. మా మేనకోడలు కోరింది ఒక్కటే: ఫాల్గుణంలో జరిగే వేడుక గనుక అలంకారమంతా ఈ కాలపు పూలతోనే ఉండాలి, థర్మాకోలు హంసలు, రంగు దీపాల గొడుగులు ఉండకూడదు. మేనమామను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. ఊరి బయట చెరువుకు దగ్గరగా ఉన్న ఒక రిసార్టును, వాళ్లే చూపించిన డెకరేషన్ మనిషిని ఫోన్‌లోనే మాట్లాడుకున్నాను. "పూర్తిగా తాజా పూలు" అని కాగితం మీద రాసిచ్చిన ఆ ప్యాకేజీ ధర 85,000 రూపాయలు. అందులో 40,000 అడ్వాన్సుగా ముందే పంపాను. ఇప్పుడు తలచుకుంటే నా తెలివికి నాకే సిగ్గేస్తుంది.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డీజిల్‌తో సహా మూడు రోజులకు 16,500 రూపాయలకు పన్నెండు సీట్ల బండి మాట్లాడుకుని, హుజూరాబాద్‌లో చాయ్ తాగి, రెండు గంటల్లో హనుమకొండ చేరాము. ఎల్కతుర్తి దాటాక పొలాల గట్ల మీద ఆకు లేకుండా ఎర్రగా పూసిన మోదుగు చెట్లు కనిపించినప్పుడు మేనకోడలు బండి ఆపించి ఫోటోలు తీసుకుంది. ఎండలో నిలబడవలసి వచ్చినందుకు బావ కాసేపు ముఖం మాడ్చుకున్నాడు.

రిసార్టుకు పోయే ముందు భద్రకాళి అమ్మవారిని దర్శించుకున్నాము. గుడి దారిలో గంప ముందు పెట్టుకుని పూలు కడుతున్న ఒక పెద్దామె దగ్గర అమ్మ రెండు మూరల మల్లెలు తీసుకుంది. మూర 40 రూపాయలు, పైగా మోచేయి దాకా కొలిచిన నిజమైన మూర. పెళ్లి సంగతి విని ఆమె, "పూలెవరు కడుతున్నరు తమ్మీ?" అని అడిగింది. ప్యాకేజీ మాట్లాడుకున్నామని నేను కొంచెం గొప్పగానే చెప్పాను. ఆమె నవ్వి, "ఉగాదికి ముందే పెట్టుకున్నరు, బతికిపోయిండ్రు. వసంత నవరాత్రులు మొదలైతే అమ్మవారికే రోజుకో తీరు పూలు గావాలె, గప్పుడు మాకే పూలు దొరకయ్" అని మళ్లీ దారం అందుకుంది. ఏ మల్లెమొగ్గలను పొద్దున్నే కోస్తారో అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి కనుక, మరునాటి వేడుకకు ముందురోజు మధ్యాహ్నమే మల్లెలు కట్టి వేలాడదీసేవాడు ఎవడైనా సరే మోసగాడని కూడా ఆమె అప్పుడే చెప్పింది. ఆ మాట నాకు రాత్రి గుడ్డపూల ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చింది.

ఇక ఆ రిసార్టు. గది అద్దె రోజుకు 3,200 చొప్పున నాలుగు గదులకు 12,800 కట్టాము. చెరువు కనిపించే గది అన్నారు. చెరువు కనిపించలేదు గాని దాని దోమలు మాత్రం రాత్రంతా కనిపించాయి. వేడినీళ్ల మీట వేస్తే గది మొత్తం కరెంటు పోయింది. అదనపు దుప్పటికి 150 రూపాయలని బిల్లులో రాశారు, అదీ ఒక్కొక్కదానికి. అమ్మ మంచం నడుమ పల్లంగా ఉండటంతో ఆమె వరండాలో కుర్చీలో కూర్చునే తెల్లవార్చింది. గుడ్డపూల విషయం తేలాక మేము బయటి నుంచి పూలు తెచ్చుకుంటామంటే, బయటి అలంకరణకు 6,000 రూపాయలు అదనంగా కట్టాలని మేనేజరు చెప్పాడు. ఆ నియమం ఎక్కడ రాసి ఉందని బావ అడిగాడు. ముప్పై ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసిన మనిషి కనుక ఆయన అరవలేదు, రసీదు పుస్తకం తెప్పించమన్నాడు, అందులో అలాంటి పద్దు ఏదీ లేదని చూపించాడు, ఆ తరువాత డెకరేషన్ మనిషికి ఫోన్ చేయించి, రాసిచ్చిన కాగితంలోని ప్రతి మాటనూ నింపాదిగా చదివి వినిపించాడు. రెండు గంటల వాదన తరువాత ఆ 6,000 మాట పోయింది, అడ్వాన్సులో 22,500 తిరిగి వచ్చింది. తక్కిన 17,500 "కూలీ ఖర్చుల" కింద పోయాయి. అంతసేపూ మేనకోడలు గదిలో తలుపేసుకుని కూర్చుంది. అక్క నాతో మాట్లాడలేదు.

రాత్రి పదకొండు గంటలకు నేను, డ్రైవరు కలిసి గుడి దారికి తిరిగి వెళ్లాము. పక్క దుకాణం వాళ్లను అడిగి పెద్దామె ఇల్లు పట్టుకున్నాము. ఆమె నన్ను చూడగానే ఏమీ అడగలేదు, "ఎన్ని కిలోలు గావాలె?" అని మాత్రమే అంది. తెల్లవారుజామున నాలుగింటికి రమ్మని, ఆరుగురు ఆడవాళ్లను తాను పిలుచుకొస్తానని, మనిషికి 900 ఇవ్వాలని, భోజనం పెట్టాలని చెప్పింది. బేరమాడే స్థితిలో నేను లేను, ఆమె కూడా నా అవసరాన్ని చూసి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

ఆ పొద్దు నాకు నేర్పిన సంగతులు చాలా ఉన్నాయి. కిలో 70 చొప్పున నలభై కిలోల బంతి కొన్నాము. బంతిని ప్లాస్టిక్ సంచిలో మూటగడితే వేడెక్కి లోపలే కుళ్లిపోతుందని ఆమె గంపల్లోనే పోయించింది. చామంతి చలికాలపు పువ్వు, ఫాల్గుణానికి వచ్చేసరికి పలచబడి ధర పెరుగుతుంది. అందుకని తెల్ల చామంతి ఎనిమిది కిలోలతోనే, కిలో 220కి, సరిపెట్టాము. నాలుగు కిలోల మల్లెమొగ్గలు 650 చొప్పున తీసుకుని తడి నూలుగుడ్డలో చుట్టించింది. అయిదు కిలోల గులాబీ రేకులు 160 చొప్పున, మామిడాకులు, అరటి బోదెలు కలిపి 700. ములుగు వైపు అడవి నుంచి ఆమె బంధువు ఎవరో తెచ్చిన మోదుగు పూల బస్తా ఒకటి 300కే దొరికింది. పూలజడకు విడిగా 2,500. ట్రాలీ ఆటోకు 1,200. కూలీ 5,400తో కలిపి మొత్తం 18,060 రూపాయలు అయింది. మోసగాడి దగ్గర మేము పోగొట్టుకున్న సొమ్ము, అసలైన పూల ఖర్చు ఇంచుమించు ఒకటేనని బావ లెక్క తేల్చాడు. అప్పటికి అక్క నవ్వింది.

అలంకరణ ఎలా ఉండాలన్న దగ్గర చిన్న గొడవ జరిగింది. వేదిక నడుమ పూలను బతుకమ్మలా పేర్చాలని మేనకోడలు అడిగితే, అమ్మ ఒప్పుకోలేదు. "భాద్రపద అమాస నాడు పేర్చేది బతుకమ్మ. ఫాల్గుణంల బతుకమ్మ ఏందే?" అని గట్టిగానే అంది. పూలు కట్టే ఆడవాళ్లూ అమ్మ పక్షమే వహించారు. గునుగు లేదు, తంగేడు నిండుగా పూసే కాలం కాదు, ఆ రెండూ లేనిదే అది బతుకమ్మ కాదని వాళ్ల వాదన. చివరికి దారి చూపించింది మేనకోడలి ఫోన్‌లోని ఫోటో. గుడి నుంచి రిసార్టుకు వెళ్లేముందు మేము వరంగల్ కోటలో ఒక గంట ఆగాము. అక్కడి కాకతీయ తోరణం మీద రాతిలో చెక్కిన పూలదండలు, తామర మొగ్గలు ఆ ఫోటోలో స్పష్టంగా ఉన్నాయి. పెద్దామె ఫోన్ దగ్గర పెట్టుకుని చూసి, రెండు అరటి బోదెలు నిలబెట్టించి, పైన వెదురు కట్టించి, ఆ రాతి దండల వంపునే బంతితో, మొగ్గల స్థానంలో మల్లెచెండ్లతో తెచ్చింది. తొమ్మిదిన్నరకు పని ముగిసింది. నేను చాలా పెళ్లిళ్లలో లక్షల ఖర్చుతో వేసిన వేదికలు చూశాను, ఇంత ఒద్దికైన తోరణం మాత్రం చూడలేదు. అన్నట్టు, కోటలో స్టాండు పెట్టి ఫోటోలు తీయించుకోవాలనుకునే పెళ్లివారు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. మా ఫోటోగ్రాఫరు ఆ సంగతి తెలియక స్టాండు తిరిగి బండిలో పెట్టుకోవలసి వచ్చింది, చేతి కెమెరాతోనే పని కానిచ్చాడు.

మోదుగు పూలకు వాసన లేదు, దండకు నిలవవు. వాటిని ఆ ఆడవాళ్లు పెద్ద గిన్నెలో మరిగించి, వడగట్టి, చిటికెడు సున్నం కలిపితే నారింజ రంగు ఇంకా ముదిరింది. నలుగు అయ్యాక వసంతం చల్లుకోవడానికి పసుపునీళ్లకు బదులు ఆ నీళ్లనే వాడాము. మా బావ తెల్లచొక్కా వేసుకుని దూరంగా నిలబడి, అందరికంటే ఎక్కువ తడిసిపోయాడు.

భోజనం విషయంలో రిసార్టు వంట మాకు నచ్చలేదు. పప్పు నీళ్లలా ఉంది, ప్లేటుకు 420 తీసుకున్నారు. మరునాడు హనుమకొండలో ఒక చిన్న మెస్సులో 130 రూపాయలకు తిన్న అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర మాత్రం చాలా రోజులు గుర్తుంటాయి. పచ్చిపులుసులో కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ నలిపిన చేతి రుచి తెలిసింది, అమ్మ రెండుసార్లు అడిగి పోయించుకుంది. రెండో రాత్రి రిసార్టు వదిలేసి బస్టాండుకు దగ్గరలోని లాడ్జిలో గది 1,500 చొప్పున దిగాము. అక్కడ చెరువు లేదు, తోట లేదు. లిఫ్టు ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, గట్టి పరుపు ఉంది. వయసు మళ్లినవాళ్లను వెంటబెట్టుకుని వేడుకకు వచ్చేవారికి నా సలహా ఒక్కటే: తోటలు, చెరువులు వేడుక జరిగే నాలుగు గంటల కోసం అద్దెకు తీసుకోండి, పడుకోవడానికి మాత్రం ఊళ్లోకి రండి. డెకరేషన్ మాట్లాడుకునేటప్పుడు "తాజా పూలు" అనే మాటతో తృప్తి పడకుండా ఏ పువ్వు ఎన్ని కిలోలో, ఎన్నింటికి తెచ్చి కడతారో రాయించుకోండి, కట్టేటప్పుడు ఇంటి మనిషి ఒకరు అక్కడే ఉండండి.

మరునాడు పెళ్లి ఎటువంటి లోటూ లేకుండా జరిగింది. తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతున్నప్పుడు అమ్మ వాడిపోయిన బంతిపూలన్నీ ఒక సంచిలో నింపుకుని బండి ఎక్కింది. తొలకరికి పెరట్లో చల్లుతుందట, బతుకమ్మ నాటికి పూస్తాయట. "గవి హైబ్రిడ్ బంతి అవ్వా, గింజ సక్కగ పట్టది" అని పూలామె ముందే చెప్పింది. అమ్మ ఆ మాట విననట్టే సంచి మూతి ముడేసి, కరీంనగర్ దాకా ఒళ్లోనే పెట్టుకుంది.